అట్టతో కట్టిన వరండా

పొద్దున్నే పనిగదిలోకి రాగానే అట్టల మావయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని, మెత్తని కుంచెతో మోడళ్ళ మీది దుమ్ము దులిపేవాడు. యూనివర్సిటీ కట్టబోయే భవనాలన్నీ ముందుగా ఆయన చేతిలోనే, అట్టముక్కలతో లేచేవి. ఆయన దులపడం అయ్యేదాకా ఊడ్చే అమ్మాయి చీపురు పట్టేది కాదు, ఫ్యాను వేసేది కాదు. చెమటలు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడేది.

ఈమధ్య కొత్త తరగతి గదుల భవనం మోడల్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోతోంది.

దాని ముందు ఒక వరండా ఉంది. ప్లానులో అది లేదు. ముందుభాగం బోసిగా ఉందని ఆయనే ముచ్చటపడి అతికించాడు. అందులో బల్లలు, బల్లల మీద గోరంత మనుషులు. చందాల కోసం దాతలను పిలిచిన రోజున, రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఆ వరండా ముందు వంగి చాలాసేపు చూసింది.

"నేను పరీక్ష రాస్తుంటే మా అమ్మ గేటు బయట ఎండలో నిలబడింది తమ్ముడూ. పిల్లలతో వచ్చినవాళ్ళు ఇక్కడ కూర్చోవచ్చు కదూ?"

పక్కనే యూనివర్సిటీ పెద్దసారు ఉన్నాడు. ఆ వరండా ప్లానులో లేదని మావయ్య ఆయన ముందు చెప్పలేకపోయాడు. "కూర్చోవచ్చక్కా" అన్నాడు. ఆవిడ దాచుకున్నదంతా ఆ భవనానికి ఇచ్చేసింది.

పునాదులు పడ్డాయి, గోడలు లేచాయి. నర్సమ్మ అప్పుడప్పుడు వచ్చి పనివాళ్ళకు అరటిపళ్ళు పంచేది. మావయ్యకని మగ్గినవి విడిగా తీసి ఉంచేది. ఆయన వాటిని తినలేక ఊడ్చే అమ్మాయికి ఇచ్చేసేవాడు. "వరండా ఎప్పుడేస్తారు?" అని ఆవిడ అడిగితే, "చివర్లోనక్కా" అని తప్పించుకునేవాడు.

ఇంట్లో భార్య సంగతి పట్టేసింది. "అట్టముక్కతో ఇంత పాపం మూటగట్టుకున్నది లోకంలో మీరొక్కరే! మాట ఇచ్చింది ఆవిడకి, దణ్ణాలేమో దేవుడికా? వెళ్ళి చెప్పండి."

శ్లాబుకు సెంట్రింగు చెక్కలు కొడుతున్న రోజున, ఆ వరండా ప్లానులో లేదని నర్సమ్మకు చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు. పళ్ళ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఆ చివరి బల్ల మీద బొమ్మ మా అమ్మే అనుకున్నాను" అంది. ఆ రోజు కూడా ఆయన వాటా పళ్ళు ఇటుకల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగు తిట్టినా బాగుండేది. మావయ్య అక్కడ నిలబడలేక, తిన్నగా ఇంజినీరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

"వరండాకి డబ్బెక్కడిది మావయ్యా? మీరు అతికించినవన్నీ కట్టుకుంటూ పోతే, మీ మోడల్లో స్పాంజి చెట్లకి నీళ్ళు కూడా పొయ్యాలి" అని ఇంజినీరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు. కుర్చీ ముందుకు జరిపాడు.

మావయ్య కూర్చోలేదు.

"ఇప్పుడు కట్టమనట్లేదు బాబూ. శ్లాబుకు కాంక్రీటు పోసేముందు, ముందువైపు అంచున ఇనప చువ్వలు కోసెయ్యకుండా మూరెడేసి బయటికి వదిలెయ్యి. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు నేనే పూస్తుంటాను. ఎవరికైనా ఎప్పుడైనా బుద్ధి పుట్టి వరండా కడదామంటే, దాని కప్పును ఈ చువ్వలకే కలుపుకోవాలి, శ్లాబు పగలగొట్టే పని ఉండకూడదు. నా కోసం ఈ ఒక్క సాయం చేసిపెట్టు నాయనా."