ఖాళీ కాని కార్ట్రిడ్జ్

ఈ ఉదయం కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పాత ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లు సేకరించారు. టోనర్ అయిపోయిందని నా ప్రింటర్ నాలుగు రోజులుగా సతాయిస్తోంది కనుక, కార్ట్రిడ్జ్ ఊడదీసి పట్టుకెళ్లాను. అక్కడ కూర్చున్న సత్తెమ్మ ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి చూసి పెట్టెలో వేస్తోంది. నాది మాత్రం తిరిగి నా చేతిలోనే పెట్టింది.

“ఇండ్ల పౌడర్ ఇంకా మస్తుగున్నది సారూ. మిషన్ చెప్పిందని నమ్మిండ్రా? జర అటూ ఇటూ ఊపి పెట్టుండ్రి, నడుస్తది. ఇంతకు ఏం ప్రింట్ కొడ్తరు?”

“నా పుస్తకాలను తప్పుపట్టిన విమర్శకులకు జవాబులమ్మా.”

“అయితె ఇంకో నలుగురిని తిట్టి తేండ్రి. ఖాళీ అయితెనే తీసుకుంటం.”

పైకి వచ్చి ఊపి పెట్టాను. నడిచింది. ఇక ఎవరికి రాయాలా అని నా శత్రువుల జాబితా తీశాను. ముగ్గురు పోయారు. ఒకాయనకు మతిమరుపు, నన్నే గుర్తుపట్టడు. మిగిలినవాళ్లు నన్ను చదవడం మానేసి పదేళ్లయింది. ఇంతకాలం నేను మాట్లాడుతున్నది వాళ్లతో మాత్రమేనని ఇవాళ తెలిసింది.

మీలో నా రాతలంటే ఒళ్లు మండేవారు ఎవరైనా ఉంటే కింద కామెంట్లలో రాయండి. మర్యాదగా రాయనక్కర్లేదు.