నా కుడిచేయి మళ్ళీ తట్టిన రొట్టె

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒక ఉదయం పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతూ ఉండగానే నా కుడిచేయి పిండిమీద ఆగిపోయింది, ఎంత లేపినా లేవలేదు, మూతి కూడా పక్కకు పోవడం నా బిడ్డ రూతు చూసి, బషీరాబాద్ నుంచి ఆటోలో తాండూరుకు, అక్కడినుంచి వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది. పక్షవాతం అన్నారు. దేవుని దయవల్ల ప్రాణం దక్కింది, మాట తిరిగి వచ్చింది, కాలు ఈడ్చుకుంటూనైనా నడిచాను గానీ చేయి మాత్రం నాది కానట్టు ఒళ్ళో పడి ఉండేది.

మాది జొన్నల ప్రాంతం. మా చిన్న సంఘంలో ప్రభువు బల్లమీద ఆయన శరీరానికి గుర్తుగా పాస్టరుగారు విరిచి అందరికీ పంచేది కూడా జొన్నరొట్టే, పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ రొట్టె తట్టేది నేనే. నేను జబ్బుపడ్డాక ఇంకొక సహోదరి తట్టి తెచ్చేది, అది గుండ్రంగా, పలుచగా, ఎంతో చక్కగా ఉండేది, అందుకే నాకు ఇంకా ఏడుపు వచ్చేది. ఇంట్లో నేను గ్లాసు వైపు చూస్తే చాలు, రూతు నీళ్ళు నోటికి అందించేది, అన్నం తినిపించేది, సంఘపు సహోదరీలు వచ్చి జడ వేసి, ప్రార్థనకు తలమీద కొంగు కప్పి పోయేవారు. అందరిదీ ప్రేమే, ఆ ప్రేమలో నా చేయి హాయిగా నిద్రపోయింది. "ప్రభువా, రేపు పొద్దున లేచేసరికి నా చెయ్యి మునుపటి లెక్క కావాలె, లేకుంటే నన్ను తీస్కపో" అని రోజూ అడిగేదాన్ని, రోజూ పొద్దున లేచి ఆయనమీద అలిగేదాన్ని.

తరువాత రూతు నన్ను తాండూరులో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకుపోయింది. ఏదో మిషను పెడుతుందనుకుంటే ఆమె అడిగిన మొదటి మాట, "అమ్మా, చెయ్యి మంచిగైతే ముందుగాల ఏం పని చేస్తవ్?" నేను ప్రభువు బల్ల రొట్టె సంగతి చెప్పాను. "అయితే రేపు జొన్నపిండి తీస్కరా. ఏ పని కావాల్నో గా పని చేసుకుంటనే చెయ్యి నేర్చుకుంటది. రూతక్కా, నువ్వు జర దూరం కూసో, అమ్మకు ఏం అందియ్యకు" అన్నది. వైద్యానికి వస్తే వంటకు పెట్టింది ఈ పిల్ల అని నాకు కోపం వచ్చింది.

ఎడమచేయి ముందుకు దూరకుండా కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకొమ్మనేది. మొదట కుడిచేత్తో పిండి పట్టడమే పని, పట్టినదాన్ని వేళ్ళు విప్పి వదలడం అంతకంటే పెద్ద పని, అది కుదిరాక ముద్ద చేయడం, ఆ తర్వాతే తట్టడం. నీళ్ళు ఒలికేవి, పిండి చీరమీద పడేది, రూతు లేవబోయి మళ్ళీ కూర్చొని కళ్ళు తుడుచుకునేది. ఇంటికి వచ్చాక కూడా పొయ్యి వెలిగించకుండా అదే ముద్దను మళ్ళీ మళ్ళీ తట్టేదాన్ని. అప్పుడు నా ప్రార్థన మారింది. "తండ్రీ, ఇయ్యాల ఈ ఒక్క వేలు విప్పు, రేపటిది రేపు అడుగుత" అన్నాను. ఆయన విప్పాడు, దేవునికే మహిమ. ఒకరోజు ప్రార్థనకు కూర్చుంటే కొంగు జారింది, రూతు చూసేలోపే నా కుడిచేయి దాన్ని తలమీదికి లాగింది, తల్లీబిడ్డలం ప్రార్థన మరిచిపోయి ఆ చేయినే చూస్తూ ఉండిపోయాం.

ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది, రొట్టె నేనే తట్టాను. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన, అంచంతా పగుళ్ళు. సిగ్గుతో గుడ్డ కప్పి బల్లమీద పెట్టాను. పాస్టరుగారు గుడ్డ తీయగానే, "అయ్యగారూ, మంచిగ రాలే, పగిలింది" అని మెల్లగా అన్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో పైకెత్తి, "విరిచెటందుకే గదమ్మా తెచ్చినవు" అని విరిచారు. నా వంతు ముక్కను నా కుడిచేత్తోనే అందుకున్నాను.

సహోదరులారా, చేయి పడిపోయి, కాలు పడిపోయి మంచంమీద ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, మందులు మానకండి, ప్రార్థన మానకండి, పని నేర్పేవారు పిండి తెమ్మంటే నాలాగా అలగకుండా తీసుకుపోండి. ప్రభువును నమ్మండి, ఆయన ఒక్కొక్క వేలూ విప్పుతాడు. ఒకసారి మా సంఘానికి రండి. రొట్టె నేనే తడతాను, అంచు మాత్రం ఇప్పటికీ పగులుతుంది.