వస్తాదుగారి వీపున మన్ను

సాయంత్రమయ్యేసరికి మా గోదాలో కుర్రాళ్ళు తొడ చరిచిన చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అది చెవిన పడగానే అరుగుల మీది పెద్దలు ఒకటే పాట అందుకుంటారు: కుస్తీ అంటే ఆ రోజుల్లోదే కుస్తీ, వీళ్ళదీ ఒక కుస్తీయేనా అని. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు ఎత్తి చూపించే పాతకాలపు మొనగాడు నాకు కుస్తీ నేర్పిన సత్తెయ్య వస్తాదుగారే. ఆ మాట బతికినంతకాలం ఒప్పుకోనివారూ ఆయనే.

పడుచుతనంలో ఆయన ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్ళు మోశారు. తరవాత నరసాపురం రేవు పక్కన గోదా తవ్వి విద్య నేర్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళపాటు ఆయన వీపు నేలకు తాకించినవాడు లేడు. నేను చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నా ఛాతీ చూడలేదు, అరచేతులు తిప్పి చూశారు. "వల లాగిన చేతులురా ఇవి. పట్టు నీకు ముందే వచ్చు, వదలడం నేర్పితే చాలు" అన్నారు. నాకూ ఏదో వచ్చునని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

కొన్నేళ్ళకు నేను చుట్టుపక్కల గోదాలన్నిటా గెలవసాగాను. ఒకరోజు కరణంగారు మా గోదా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "ఏంటి వస్తాదూ, చోడంబలి తాగి రాళ్ళు మోసిన ఒళ్ళు నీది. వీళ్ళు కాలవలొచ్చాక వరన్నం తిని పెరిగినవాళ్ళు. మీ కాలం వాళ్ళకి సరితూగుతారా?"

"మా గురువుగారు నేర్పిందంతా వీడికిచ్చానండి. నేను సొంతంగా పట్టుకున్నదీ ఇచ్చాను. పైగా వీడి బుర్రలో పుట్టేది వీడికుంది. మరి ఎవరిది ఎక్కువండి?" అన్నారు వస్తాదుగారు నన్ను చూపించి.

"అయితే మీరిద్దరూ పట్టండి, తేలిపోద్ది" అన్నారు కరణంగారు. వస్తాదుగారు సరేనన్నారు. అప్పటికాయనకు యాభై దాటాయి. గెలిస్తే నాకు గురువును పడగొట్టిన పాపం. ఓడితే నలుగురిలో ఆయన మాట అబద్ధం.

కుస్తీ రోజున రేవు రేవంతా కదిలివచ్చింది. ఆయన పాదాలంటి గోదాలో దిగాను. కాసేపటికి ఆయన నడుం నా చేతికి చిక్కింది. ఎత్తితే అయిపోయేదే, కానీ నా చేతులు వాటంతటవే వదులయ్యాయి. ఆయనకు తెలియకుండా ఉంటుందా? నా మెడ వంచి చెవిలో అన్నారు: "నా మీద జాలిపడుతున్నావేంట్రా? నీ చేతుల్లో ఉన్నది నా విద్య. నువ్వది దాచేస్తే నేనేం నేర్పాననుకుంటార్రా వీళ్ళు?"

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ నడుం పట్టాను. ఆయన ఉన్న బలమంతా పెట్టి పెనుగులాడారు, ఊరికే లొంగలేదు. నిండిన వలను ఒడ్డుకు లాగేటప్పుడు మేం మడమ తిప్పి ఒక పక్కకు ఒరుగుతాం. ఆయన నేర్పని ఆ మెలికే వేశాను. వస్తాదుగారి వీపు నేలకు తగిలింది.

ఓడినవాడు వెంటనే వీపు కడుక్కుని, కండువా కప్పుకుని వెళ్ళడం మా గోదాలో ఆనవాయితీ. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఆయన చేత్తోనే వద్దన్నారు. వీపంతా మన్నుతో, కండువా చేత పట్టుకుని, నడిబజారులోంచి నడిచారు. ఆయన వెనకే ఏడుస్తూ నేను.

గుమ్మంలో ఆయన భార్య నివ్వెరపోయింది. "ఏంటండీ ఇది? మన్ను కడుక్కోకుండా బజారంతా తిరిగొచ్చారా?"

"అందరూ చూడాలనే వచ్చాను. ఇన్నాళ్ళు గెలిచినవన్నీ నా ఒంటి బలమే. నేను నేర్పింది మాత్రం ఇదిగో, ఇవాళే కనపడింది" అన్నారాయన. ఆయన ముఖంలో అంత గర్వం అంతకుముందు ఏ గెలుపుకూ నేను చూడలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ, నన్ను పడగొట్టేదాకా నీ చదువు పూర్తికాదని మొదటిరోజే చెబుతాను. ఇప్పటికి ముగ్గురు పూర్తిచేశారు. మూడుసార్లూ నేను బజారు మీదుగానే ఇంటికి వెళ్ళాను.