మడత మాస్టారి కూతురి మార్కులు

ఆ వీధిలో ఆయన్ని మడత మాస్టారు అంటారు. బడిపిల్లల యూనిఫాం కుట్టడం ఆయన పని. ఎదిగే పిల్లలకు ఒంటికి సరిగ్గా కుట్టడం బుద్ధితక్కువ పని అని ఆయన నమ్మకం. లాగు కాళ్ళ చివర, చొక్కా చేతుల చివర, పక్క కుట్ల లోపల గుడ్డ మిగిల్చి మడిచి కుట్టేస్తాడు. ఏడాది తిరిగేసరికి తల్లి ఆ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. మాస్టారు కుట్టు విప్పి, మడత వదిలి, ఇస్త్రీ చేసి ఇస్తాడు. కొత్త గుడ్డ లేకుండానే లాగు పొడుగవుతుంది.

"ఇదంతా లోపలే ఉందా మాస్టారూ?"

"ఉండబట్టే కదమ్మా బయటికొచ్చింది," అంటాడు ఆయన దారం కొరుకుతూ.

ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ కింద మిషను, గోడ వారగా ఇస్త్రీ బల్ల, బల్ల కింద బొత్తాల డబ్బా. తలుపు చట్రానికి రెండు పక్కలా నీలం సుద్ద గీతలు. ఒక పక్క కూతురి ఎత్తు. రెండో పక్క కూతురి లెక్కల మార్కులు.

ఆ రెండో పక్క గీతలకు కారణం మాస్టారి భార్య. ఆవిడ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టిక్కెట్టు తీసుకోనివాణ్ణి వీపు చూసి పట్టేస్తుందని పేరు. ఇంట్లోనూ అదే చూపు. కిందటేడు కూతురు వాలీబాల్ జట్టులో చేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరడం మొదలుపెట్టగానే ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఆడుకో. నేనేం వద్దనను. కానీ ప్రతి పరీక్షకీ లెక్కల్లో కిందటిసారి కంటే ఒక్క మార్కయినా పెరగాలి. తగ్గిందా, బంతి అటకెక్కుతుంది. మళ్ళీ దిగదు."

"పెరిగిందో తగ్గిందో చూసేదెవరు?" అన్నాడు మాస్టారు.

"నువ్వే. పొద్దస్తమానం టేపు మెళ్ళో వేసుకుని తిరుగుతావుగా. కొలువు."

అలా మాస్టారు న్యాయమూర్తి అయ్యాడు. మొదటి పరీక్షలో నలభై అయిదు వచ్చాయి. తరవాత యాభై. ఆ తరవాత యాభై ఆరు, అరవై ఒకటి. గీతలు మెట్లలా పైకెక్కాయి. ఒక్కటీ వెనక్కి దిగలేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన ఆ చట్రం చూపించేవాడు.

"చూశారా, పిల్ల కంటే మార్కులే తొందరగా ఎదుగుతున్నాయి."

వాళ్ళు తలూపేవారు. తమ పిల్లల లాగు ఎప్పటికిస్తాడో చెబితే బాగుండునని వాళ్ళ బాధ.

తరవాతి పరీక్ష పేపరు సంతకానికి వచ్చినప్పుడు, ఎప్పుడూ పైనున్న మార్కు చూసి సంతకం పెట్టేసే భార్య డ్యూటీలో ఉంది. అరవై ఆరు. మాస్టారు సుద్ద అందుకోబోయి పేపరు తిరగేశాడు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు లోపలివైపు చూడటం ఆయనకు అలవాటు. లెక్కలు ఆయనకు అర్థం కాలేదు. కొట్టివేతలు అర్థమయ్యాయి. తప్పు చేసినవాడు కాగితం చిరిగేలా గజిబిజిగా కొట్టేస్తాడు. ఇక్కడ లెక్క మొత్తం చేసి, జవాబు కింద రెండు గీతలు పెట్టి, దాని మీదుగా సన్నగా, తిన్నగా ఒక్క గీత. కచ్చాకుట్టులా ఉంది. కొస పట్టి లాగితే ఊడివచ్చేలా ఉంది. అలాంటివి పేపరు నిండా ఉన్నాయి. పక్కనే టీచరు ఎర్రసిరాతో రాసింది: "అన్నీ సరైనవే. ఎందుకు కొట్టేశావు? మళ్ళీ ఇలా చేస్తే అమ్మగారిని పిలిపిస్తాను."

కూతురు ఇస్త్రీ బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

"ఏమే, ఇవేంటి?"

"కొట్టివేతలు."

"కనబడుతున్నాయిలే. వచ్చిన లెక్కలు ఎందుకు కొట్టేశావు?"

"అన్నీ ఉంచేస్తే తొంభై దాటిపోతుంది నాన్నా. అంత వచ్చేశాక, పైసారి ఏం పెంచమంటావు? పరీక్ష రోజు జలుబు చేసినా చాలు, బంతి అటకెక్కుతుంది. అందుకని కాస్త లోపలికి మడిచాను. పరీక్షకి వేలెడంత విప్పుకుంటున్నా."

మాస్టారికి కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే నవ్వు వచ్చి దాన్ని పక్కకి తోసేసింది. మడత ఎంత సమంగా పెట్టింది, పిల్ల. ఎక్కడా ముడత లేదు. మురిసిపోతున్నానని తెలియగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పక తప్పదు."

"చెప్పు. నేను అమ్మ కోటు సంగతి చెబుతా."

మాస్టారు చటుక్కున వీధి గుమ్మం వైపు చూశాడు.

భార్య ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ కండక్టరు కోటు ఆయనే కుట్టాడు. అలవాటు కొద్దీ పక్క కుట్లలో బోలెడు గుడ్డ మడిచిపెట్టాడు. అప్పటినుంచి, ఆవిడ సెలవు రోజున అటు బజారుకి వెళ్ళగానే ఇటు నడుము దగ్గర కాస్త విప్పి కుట్టేస్తూ వస్తున్నాడు. ఆవిడ డిపోలో అందరికీ చెప్పుకుంటుంది: "చేరినప్పటి కోటే ఇది. ఒక్క అంగుళం మారలేదు నేను."

"నువ్వెప్పుడు చూశావు?" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి.

"ఆ కోటు ఇస్త్రీ చేసేదెవరు? పాత కుట్ల చారలు లోపల అలాగే ఉన్నాయి. మెట్లలాగా."

మాస్టారు పేపరు మీద సంతకం పెట్టి, చట్రం మీద అరవై ఆరు గీశాడు.

"ఈసారి మడత లేకుండా రాయి," అన్నాడు చివరికి. "టీచరు మీ అమ్మని పిలిపించిందంటే ఇద్దరం పోతాం."

"తరవాత తగ్గితే?"

"తగ్గినప్పుడు చూసుకుందాం."

కత్తెర చేతిలో ఉండగా ఆయన ఏనాడూ అనని మాట అది.

పిల్ల మడత లేకుండా రాసింది. తొంభై ఆరు వచ్చాయి. ఆ గీత గీయడానికి మాస్టారు స్టూలెక్కాడు. భార్య సంచీ దించకుండానే చట్రం ముందు నిలబడిపోయింది.

"అరవై ఆరు దగ్గర ఎక్కి తొంభై ఆరులో దిగడమేంటి? మధ్యలో స్టాపులు లేవా?"

"ఎక్స్‌ప్రెస్ అమ్మా," అంది కూతురు.

ఆవిడ నవ్వింది. తీర్పు మాత్రం మార్చలేదు.

ఆ తరవాతి పరీక్షలో తొంభై రెండు వచ్చాయి. మాస్టారు సుద్ద పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పైన గీద్దామా అని కూడా అనుకున్నాడు. టేపు మెళ్ళో ఉంది. కిందనే గీశాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి చూసింది.

"తగ్గింది."

"తొంభై రెండు," అన్నాడు మాస్టారు.

"తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"అయితే మాటంటే మాటే."

కూతురు నేల మీద కూర్చుని బొత్తాలు ఏరుతోంది. ఏరుతున్నానని అనుకుంటోంది గాని, నలుపులో తెలుపు, తెలుపులో నలుపు కలిపేస్తోంది. ఎల్లుండే వేరే బడితో ఆట.

ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కింది. రెండు చేతులా బంతిని పైకెత్తి అటక అంచుకి అందించబోయింది. చంక కిందినుంచి నడుము దాకా కోటు పర్రుమంది.

బంతి గాల్లోనే ఆగింది.

"కుట్టు పోయింది," అంది ఆవిడ. "పొద్దున్నే డ్యూటీ. కాస్త విప్పి కుట్టిపెట్టు."

"ఇక విప్పడానికి లోపల గుడ్డ లేదు," అన్నాడు మాస్టారు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఇక అంటే?"

మాస్టారు ఇస్త్రీపెట్టె వేడెక్కిందేమోనని తాకి చూశాడు. దానికి ప్లగ్గే పెట్టలేదు.

"ఏమయ్యా, నిన్నే. ఇక అంటే?"

ఆవిడ స్టూలు దిగి, బంతి చంకలో ఇరికించుకుని, కోటు విప్పి లోపలివైపు తిప్పింది. పాత కుట్ల చారలు, ఒకదాని పక్కన ఒకటి. బస్సులో తలలు లెక్కపెట్టినట్టు పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"ఇవన్నీ నేనేనా?"

"నువ్వే."

"మరి చెప్పలేదేం?"

"మారలేదని డిపోలో చెప్పుకుని మురిసిపోతుంటివి. చెడగొట్టడం దేనికని."

కూతురు లేచి నిలబడింది. "అమ్మా, నావీ అంతే. అరవై ఆరుదాకా ఉన్న గీతలు మడిచి పెట్టినవి. వచ్చినవే కొట్టేశాను, పైసారికి ఉంటాయని. పై రెండే నిజం. నాకు వచ్చేది అటూ ఇటూగా అంతే. ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కోటు ఒక మోకాలి మీద, బంతి ఇంకో మోకాలి మీద. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"టిక్కెట్టు లేనివాళ్ళని ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానన్నమాట."

కూతురు బొత్తాల డబ్బాకి మూత పెట్టింది.

"సరే, న్యాయమూర్తిగారూ. తొంభై రెండంటే పిల్ల బాగా చదువుతున్నట్టా, లేనట్టా?"

మాస్టారు టేపు సర్దుకున్నాడు. "ఒంటికి సరిపోయింది," అన్నాడు. "ఈ ఏడాదికి అంతకంటే చూడక్కర్లేదు."

ఆవిడ బంతి విసిరింది. ఎవరికి విసిరిందో తెలియదు. అది మాస్టారి భుజానికి గట్టిగానే తగిలి కూతురి చేతుల్లో పడింది.

"చీకటి పడకముందే ఇల్లు చేరాలి," అంది. కూతురు అప్పటికే గుమ్మం దాటింది.

"నాకు కొత్త కోటు కుట్టు. మడత లేకుండా."

మాస్టారు ఆవిడ నడుం చుట్టూ టేపు వేశాడు. ఆవిడ గోడకేసి చూస్తూ నిటారుగా నిలబడింది.

"వదులు," అన్నాడు.

"ఏంటి?"

"ఊపిరి."

వదిలింది. టేపు ఆయన వేళ్ళ మధ్యనుంచి జారుకుంటూ పోయింది. మాస్టారు అంకె చూసి నోరు తెరిచాడు.

"పైకి చదవకు," అంది ఆవిడ.