వదిన తీసేసిన వణుకు

మా వదిన సంగీతం చేస్తుందని తెలిస్తే చాలు, చుట్టాలు పాడమని అడుగుతారు. ఆవిడ గొంతు విప్పితే నిద్రపోయే పిల్లలు లేచి ఏడుస్తారు, పాపం. ఆవిడ వాయించేది కంప్యూటర్ని. వెనకగదిలో మంచానికీ బీరువాకీ మధ్య బల్ల ఇరికించుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చుందంటే ఇల్లు కాలిపోతున్నా పట్టదు.

ఈసారి నరాల మీద పరిశోధన చేసే డాక్టర్లు చేతి కదలికల మీద తీసిన కొలతలు ఆవిడ చేతికిచ్చారు. మనం కప్పు అందుకోబోతే చెయ్యి సూటిగా పోదట, తనని తాను సరిదిద్దుకుంటూ పోతుందట. ఆ దిద్దుబాట్లని వదిన స్వరాలుగా మార్చింది. బల్ల మీద పలకలాంటి సెన్సర్ ఉంటుంది. దానిపైన గాలిలో చెయ్యి కదిపితే సంగీతం పుడుతుంది, ఎవరి చేతికి తగ్గది వాళ్లకి. నేను కదిపితే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు వచ్చింది. "నీ నోటిలాగే ఉంది," అంది వదిన. ఆడపడుచునని భయం లేదు.

ఆవిడ బెంగంతా మా నాన్న గురించే. నాన్న షాపులకి బోర్డులు రాసేవాడు. స్కేలు లేకుండా గీత గీస్తే దారం లాగి పట్టినట్టుండేది. చేతులు వణకడం మొదలయ్యాక కుంచె మానేశాడు, తర్వాత నలుగురిలో తినడం మానేశాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే చేతులు తొడల కింద దాచుకుని కూర్చుంటాడు. చూస్తే నాకు కోపమొస్తుంది, ఏడుపూ వస్తుంది. వదిన మాత్రం, "ఒక్కసారి వచ్చి చెయ్యి పెట్టండి మావయ్యా," అని రోజూ బతిమాలింది.

చివరికి, దాన్ని జనానికి చూపించే రోజున వచ్చాడు. పరిశోధనశాల హాల్లో, అంతమంది ముందు, చెయ్యి బయటికి తీసి పలకపైన చాపాడు. చెయ్యి గజగజ వణుకుతోంది. స్పీకర్లలో చడీచప్పుడూ లేదు.

"దీనికి కూడా పనికిరాలేదమ్మా," అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

వదిన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. సంగతి ఆవిడకి అర్థమైపోయింది. చిన్న చిన్న అదురులు కలిస్తే శబ్దం పాడవుతుందని వాటిని వడకట్టేసే ఫిల్టర్ పెట్టింది. ఆ పనిలో ఉన్నవాళ్లంతా అలవాటుగా పెట్టేదే. నాన్న చెయ్యి మొత్తం ఆ అదురే.

"తప్పు మీది కాదు మావయ్యా, నాది. వణుకు వద్దని దీనికి నేనే చెప్పాను," అంది, అందరికీ వినపడేలా. అక్కడికక్కడే కీబోర్డు ముందు కూలబడి ఆ ఫిల్టర్ పీకేసింది. "ఇంకొక్కసారి పెట్టండి."

నాన్న తలుపు వైపు చూశాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాను. ఇప్పుడు వెళ్లిపోతే ఇక ఇల్లు కదలడని తెలుసు. నాన్న పలక వైపు తిరిగి, మళ్లీ చెయ్యి చాపాడు.

ఈసారి వచ్చింది. కీచుగా, గరగరలాడుతూ, ఆగి ఆగి. వినసొంపుగా ఉందంటే కళ్లు పోతాయి. కొందరు మొహం చిట్లించారు. నాన్న చెయ్యి ఎత్తితే శబ్దం సన్నబడింది, దించితే బొంగురుపోయింది. మళ్లీ ఎత్తాడు. పక్కకి జరిపి చూశాడు. వెనకాల వరసలో ఉన్న ఒకాయన విసుక్కుంటూ, "పెద్దాయనా, మాక్కూడా కాస్త అవకాశమివ్వండి," అన్నాడు.

నాన్న తల కూడా తిప్పలేదు.

"ఉండవయ్యా, నాది ఇంకా అవలేదు."