శుక్రవారపు బుల్లెమ్మ

కువైట్‌లో శుక్రవారం పొద్దున జహ్రా బస్సెక్కే తెలుగు ఆడవాళ్ళలో బుల్లెమ్మను ఎరగనివాళ్ళు తక్కువ. పొట్టి మనిషి. మ్యాక్సీ మీద నల్లటి అబాయా, తలకు ముసుగు, చంకకు నొప్పిమాత్రలూ ఖర్జూరాలూ ఉన్న గుడ్డసంచీ. మిగతా వారమంతా జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. సెలవు దొరికిన ఒక్కరోజూ ఊరు పట్టుకు తిరుగుతుంది. ఒక వారం జహ్రా, ఇంకో వారం షుఐబా కార్మికుల క్యాంపులు, మరో వారం ఎడారి అంచున తోటలు. వెళ్ళి ఏం చేస్తుందంటే, కూర్చుంటుంది.

పాట ఉండదు, ప్రసంగం ఉండదు. పార్కులోనో, కిరాణా కొట్టు వెనక నీడలోనో నలుగురు పనిమనుషులు చేరితే వాళ్ళ మధ్య కళ్ళు మూసుకుని చాలాసేపు ఊరకే ఉంటుంది. వాళ్ళూ ఉంటారు. ఇంట్లో పగలంతా అరుపులు వినేవాళ్ళకు ఆ కాసేపు నిద్రకంటే హాయిగా ఉండేది. తర్వాత ఒక్కొక్కరి చేయీ పట్టుకుని మెల్లగా అడిగేది.

"కడుపు నిండా పెడతన్నారా? ఫోను నీ సేతికిత్తన్నారా? పాస్‌పోర్టు ఎవరికాడుంది? నిన్ను కొనుక్కున్నానని ఎవరన్నా అన్నారేటమ్మా?"

ఆ చివరి ప్రశ్నకు చాలామంది తల దించుకునేవారు. "మనిషిని మనిషి కొనకూడదు. దేవుడే అమ్మలేదు మనల్ని" అనేది. అదే ఆవిడ సువార్త. ఎంబసీ ఫోను నంబరు నోటికి వచ్చేదాకా వల్లె వేయించేది. కడప, రాయచోటి వైపు హిందూ పిల్లలు ఆవిడను 'మాట్లాడని పాస్టరమ్మ' అని నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే వచ్చి కూర్చునేవారు.

బుల్లెమ్మది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. మొగుడు కొబ్బరిచెట్ల దింపుకు వెళ్ళేవాడు, ఒక వానాకాలం చెట్టు మీంచి జారిపడి పోయాడు. పిల్లల్లేరు. మరిది ఇంట్లో ఉండలేక గల్ఫు విమానం ఎక్కింది. మొదట పడ్డది జహ్రాలో ఒక పెద్ద ఇంట్లో. వీధి తలుపుకు బయటినుంచి తాళం. మిగిలిన రొట్టె పెడితే తినడం, లేకపోతే లేదు. జీతం అడిగిన రోజు ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చెప్పుతో కొట్టింది.

పక్కింట్లో పనిచేసే అరుణజ్యోతి ఆవిడ ఏడుపు విన్నది. ఇద్దరిదీ ఒకే తాలూకా, ఒకే యాస. వయసులో చిన్నదైనా గుండె గల మనిషి. రోజూ గోడమీంచి అన్నం పొట్లం విసిరేది. ఒకరోజు ఇంట్లోవాళ్ళు పెళ్ళికి వెళ్ళినప్పుడు గోడకు నిచ్చెన వేసి, బుల్లెమ్మను దాటించి, టాక్సీలో ఎంబసీకి తీసుకుపోయింది. తెలిస్తే తన పని పోయేది, జైలు కూడా పడేది. అయినా చేసింది.

ఆ తర్వాత జాబ్రియా ఇల్లు కుదిరింది. ఆ ఇంటి ముసలి మామాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నోట్లో ముద్ద పెట్టడం, పక్క మార్చడం అన్నీ బుల్లెమ్మే. సాయంత్రం నమాజు వేళ మామా మంచంమీదే పెదవులు కదిపేది, శబ్దం వచ్చేది కాదు. బుల్లెమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని తన దేవుణ్ణి తలుచుకునేది. భాష రాని మనిషి, మాట లేని మనిషి, గదిలో చడీచప్పుడూ లేదు. సంవత్సరాల తరబడి అలా కూర్చోగా కూర్చోగా ఒకనాడు లోపలినుంచి ఎవరో అన్నట్టు వినబడింది: 'నిన్ను గోడ దాటించారు. దాటలేనివాళ్ళ దగ్గరికి వెళ్ళు.' బుల్లెమ్మ ఉలిక్కిపడి మామా వైపు చూసింది. మామా కదిలే చెయ్యి చాపి ఆవిడ తలమీద పెట్టింది.

మామా పోయాక కూతురు నూరా బుల్లెమ్మను వదులుకోలేదు. "శుక్రవారం నీది. ఎక్కడికి వెళ్తున్నావో మాత్రం చెప్పి వెళ్ళు" అన్నది. ఆ ఇంట్లోనే బట్టలు ఇస్త్రీ చేసే సుల్తాన్‌బీ తోడు వచ్చేది. రాయచోటి మనిషి, అరబ్బీ గడగడ మాట్లాడుతుంది. బుల్లెమ్మ మాట్లాడనిదంతా సుల్తాన్‌బీ మాట్లాడేది.

ఈలోగా అరుణజ్యోతి పైకొచ్చింది. ఇంటిపని మానేసి అబ్బాసియాలో ఫ్లాటు తీసుకుంది. ఊరినుంచి ఆడవాళ్ళను రప్పించి ఇళ్ళలో కుదిర్చేది. శుక్రవారం సాయంత్రాలు ఆ ఫ్లాటులోనే తెలుగు ప్రార్థన జరిగేది. బర్నబాసు గారనే ఫోర్‌మన్ వాక్యం చెప్పేవాడు, తర్వాత అందరికీ అరుణజ్యోతి ఇంటి భోజనం. బుల్లెమ్మ ఎక్కడెక్కడ తిరిగినా సాయంత్రానికి అక్కడికే చేరేది. ఈ దేశంలో తనదనుకున్న ఇల్లు అదొక్కటే.

ఒక శుక్రవారం భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. వెనకగది తలుపు ఓరగా ఉంది. లోపల నేలమీద ముగ్గురు ఆడవాళ్ళు. ఇద్దరు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇరవై దాటని పిల్ల ఒకతి మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"మునిలక్ష్మి. పీలేరు పక్క" అన్నది ఆ పిల్ల. "ఇండ్లు మారి మారి సాలయిపాయ మా. వాళ్ళకు నచ్చకుంటే మళ్లా ఈడికే తోలుకొస్తారు. మళ్లా ఫోటో తీస్తారు, ఇంకో ఇంటికి పంపిస్తారు. ఊరికి పోతానంటే నీకు పెట్టిన దుడ్లు ఎవురిస్తారని అక్క అంటాంది. ఫోనూ పెరుక్కున్యారు. మాయమ్మ గొంతు ఇని ఎన్నాళ్ళాయెనో."

బుల్లెమ్మ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. తిరిగి వచ్చి తన చోట కూర్చుంది. విస్తరాకులో వేడి వేడి పలావు పెట్టారు. చెయ్యి ముందుకు పోలేదు.

"తినక్కా, చల్లారిపోద్ది" అన్నది అరుణజ్యోతి.

"దిగదే జ్యోతీ." గొంతు పెద్దది చేయకపోయినా గదంతా వినబడింది. "ఎనకగదిలో ఆ పిల్లని అమ్ముతున్నావు. ఆ డబ్బుతో వండిన అన్నం నాకు దిగదు. మనకెవరికీ దిగకూడదు."

తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. బర్నబాసు గారు అడ్డం వచ్చాడు. "బుల్లెమ్మ గారూ, ఇది ప్రార్థన. పంచాయితీ కాదు."

అరుణజ్యోతి మొహం నల్లబడింది. "నేనమ్ముతున్నానా? పని చూపిత్తన్నాను. నిన్ను గోడ దాటించింది ఎవరక్కా? నేను లేకపోతే ఆ జహ్రా ఇంట్లో కుళ్ళిపోయేదానివి."

"నువ్వే దాటించావు. అందుకే బయటెవరికీ చెప్పకుండా నీకే చెబుతున్నాను."

ఆ సాయంత్రం బుల్లెమ్మను ఎవరూ బస్సుదాకా సాగనంపలేదు. తర్వాత బర్నబాసు గారు ఫోను చేసి, కొంతకాలం ప్రార్థనకు రావద్దన్నాడు.

ఆవిడ పైకి వెళ్ళలేదు. కానీ ప్రతి శుక్రవారమూ వచ్చి ఆ బిల్డింగు కిందిమెట్టు మీద కూర్చునేది. పైనుంచి పాటలు వినబడేవి. ప్రార్థనకు వచ్చేవాళ్ళు పక్కనుంచి ఎక్కిపోయేవారు. కొందరు పలకరించేవారు, కొందరు ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. సుల్తాన్‌బీకి ఒళ్ళు మండేది. "పోలీసులకు చెప్పేస్తే పోయ కదక్కా, యాంటికీ కూసోవడం?"

"పోలీసులొత్తే ముందు ఆ ఆడోళ్ళనే పట్టుకుపోతారు సుల్తానూ. వాళ్ళ కాగితాలు సరిగ్గా లేవు. జ్యోతి మనసు మారితే తనే పంపిత్తది. దాని మనసు నాకు తెలుసు."

చివరికి ఒక వారం అరుణజ్యోతి కూరగాయల సంచీతో వచ్చి మెట్టుమీద పక్కనే కూలబడింది. సంచీలో కూరలు అటూ ఇటూ సర్దింది. తర్వాత, "సరే. ముగ్గురినీ ఊరికి పంపేత్తాను. నన్నిలా అందరిముందూ చంపకు" అన్నది. బుల్లెమ్మ ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

తర్వాతి వారం వెళ్ళేసరికి ఆ గదిలో మిగతా ఇద్దరే ఉన్నారు, మునిలక్ష్మి లేదు. అరుణజ్యోతి ఆ పిల్లను జహ్రాలో ఒక ఇంటికి పంపేసింది. నలుగురికీ తెలిసిపోయిందన్న కంగారులో, ముందూ వెనకా చూడకుండా, అడిగినవాళ్ళకు ఇచ్చేసింది.

"మంచి ఇల్లే అక్కా. ఒక్క ఏడాది చేత్తే అప్పు తీరిపోద్ది, తనే వెళ్ళిపోద్ది" అన్నది చూపు కలపకుండా.

జహ్రాలో హౌస్ డ్రైవరుగా ఉన్న సుల్తాన్‌బీ తమ్ముడు జిలానీ బాషా ఆ ఇల్లు కనుక్కున్నాడు. బుల్లెమ్మ, సుల్తాన్‌బీ వెళ్ళారు. గేటు దగ్గరికి వచ్చిన ఆ ఇంటి మామా వాళ్ళ మాట పూర్తికానివ్వలేదు. "ఆ పిల్లకు డబ్బు కట్టాను. అది తిరిగివ్వండి, తీసుకుపోండి. ఖలాస్!" అని తలుపు వేసేసింది. పై అంతస్తు కిటికీ వెనక మునిలక్ష్మి కనబడింది. అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. బుల్లెమ్మ కూడా చెయ్యెత్తింది. లోపలినుంచి ఎవరో పిలిచినట్టున్నారు, పిల్ల వెళ్ళిపోయింది.

విషయం విని నూరా, సెలవు అయిపోయి ప్రభుత్వ ఆఫీసులు తెరవగానే తనే వెళ్ళి ఫిర్యాదు ఇస్తానన్నది. ఆఫీసులు తెరిచేలోపే జిలానీ బాషా ఫోను వచ్చింది. పిల్ల కిటికీలోంచి దిగబోయి పడింది.

ఆసుపత్రిలో మునిలక్ష్మి కొన్నాళ్ళు బతికింది. నడుము విరిగింది, లోపల దెబ్బలు. బుల్లెమ్మ సెలవు పెట్టి మంచం పక్కనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లకు తెలివి బాగా వచ్చింది. ఊరికి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టింది బుల్లెమ్మ.

"మా, నేను బాగుండా" అన్నది మునిలక్ష్మి. ఆవలినుంచి ఏడుపు. "ఏడవాకు మా. బాగుండా." అంతకంటే ఓపిక లేకపోయింది. మర్నాటికి ప్రాణం పోయింది.

మార్చురీ బయట బెంచీమీద ఉన్న బుల్లెమ్మ దగ్గరికి అరుణజ్యోతి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, చెప్పులు రెండూ రెండు రకాలు.

"తిట్టక్కా" అన్నది. "నీ నోటితో ఒక్కసారి తిట్టు."

బుల్లెమ్మ తిట్టలేదు. ఆమెకు వేరే బాధ ఉంది. ఆ రోజు పలావు ముందు నోరు విప్పకపోతే? మెట్లమీద కూర్చుని ఈ మనిషిని అంత తొందరపెట్టకపోతే? ఆ పిల్ల వెనకగదిలో ఏడుస్తూనైనా బతికుండేదేమో. ఈ మాట దేవుడి ముందు ఎన్నిసార్లు పెట్టినా ఆయన అవుననలేదు, కాదనలేదు.

"ఇంకా ఇద్దరున్నారు జ్యోతీ" అని మాత్రం అన్నది.

అరుణజ్యోతి తల ఊపింది. ఈసారి మాట తప్పలేదు. ఆ ఇద్దరినీ తనే ఎంబసీకి తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు చేతికిచ్చి, విమానం ఎక్కేదాకా ఉంది. మునిలక్ష్మి శవపెట్టె ఊరు చేరే ఖర్చంతా పెట్టుకుంది. ఫ్లాటు ఖాళీ చేసి రాజోలు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బుల్లెమ్మకు చెప్పలేదు. బుల్లెమ్మ ఎన్నిసార్లు ఫోను చేసినా తియ్యలేదు. తనను బతికించిన చేతిని తనే దూరం చేసుకున్నానని బుల్లెమ్మ సుల్తాన్‌బీ దగ్గర ఒకే ఒక్కసారి ఏడ్చింది.

ప్రార్థన ఇప్పుడు బర్నబాసు గారి ఇంట్లో జరుగుతుంది. బుల్లెమ్మను ఎవరూ పిలవలేదు. ఆవిడ మోకాళ్ళు అరిగాయి, షుఐబా బస్సు మెట్లు సుల్తాన్‌బీ చెయ్యి ఊతమిస్తేగాని ఎక్కలేదు. అయినా మానలేదు. చేరిన ఆడవాళ్ళను అవే ప్రశ్నలు అడుగుతుంది. ఎవరైనా ఇంట్లో బాధ చెబితే ఇప్పుడు వెంటనే కదలదు. "కంగారు పడి దూకమాకే తల్లీ. మేమున్నాం" అని ముందు వాళ్ళచేత ఒట్టు వేయించుకుంటుంది.

మునిలక్ష్మి తల్లి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. కూతురిని ఆఖరున చూసిన మనిషి ఆమెకు బుల్లెమ్మ ఒక్కతే. వానలు, మేకలు, ఏవేవో చెబుతుంది. చివరికి అక్కడికే వస్తుంది.

"నాతో బాగుండానన్యాది గదమ్మా. నిజ్జంగా బాగుండెనా అప్పుడు?"

అబద్ధం ఆడటం బుల్లెమ్మకు చేతకాదు.

"లేదమ్మా" అంటుంది. "బాగాలేదు. నీ గొంతు విన్నాక మాత్రం నవ్వింది. నేను చూశాను."

అవతల చాలాసేపు ఏమీ వినబడదు. బుల్లెమ్మ ఫోను పెట్టెయ్యదు.