పైవరసకు నేను తవ్వించిన కాలువ

కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి సంగతి మీరు వినే ఉంటారు. కొండను మిల్లీమీటరు తేడా లేకుండా కొలిచి, దాని మీద కురిసిన వాననంతా తన పరుపు కిందికి తెచ్చుకున్నవాడి సంగతి విని ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. నవ్వడానికి మీరు మొహమాటపడతారేమోనని ముందుగా నేనే నవ్వి, తరువాత మొదలుపెడుతున్నాను.

మాది కోయిలకుంట్ల. నల్లరేగడి నేల, రొట్టెల పెనంలా చదునుగా ఉంటుంది. అటువంటి చోట పుట్టి, సర్వే చదివి, పాతికేళ్ళ వయసులో కడపకు ఉద్యోగానికి వెళ్ళాను. ఊరు అయిపోయి పాలకొండల వాలు మొదలయ్యే చోట, నాలుగు వరసల ఇళ్ళున్న ఒక కాలనీలో గది దొరికింది. అక్కడ వీధులకు పేర్లు లేవు. కిందివరస, రెండోవరస, మూడోవరస, పైవరస అంటారు. నేనున్నది ఆ చివరిది. ఆటో మలుపు దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన అరవైమూడు మెట్లు. రెండుసార్లు లెక్కపెట్టాను.

కొండవాలు మీద కాపురమంటే ఏమిటో చదును నేల మనుషులకు చెప్పడం కష్టం. కిందివాళ్ళ మిద్దె పైవాళ్ళకు వాకిలి. చేతిలోంచి జారిన వస్తువు ఏదీ పోదు. రెండిళ్ళ కింద దొరుకుతుంది. నా కిటికీకి సరిగ్గా ఎదురుగా సుబ్బరాయుడు శెట్టిగారి మిద్దె ఉండేది. కింద ఆయనకు కిరాణా అంగడి, పైన ఎండబెట్టిన చెనక్కాయలు. సాయంత్రం మిద్దె ఎక్కి, నా కిటికీతోనే మాట్లాడేవారు.

"ఏమప్పా ఇంజనీరూ, ఈ పొద్దు గూడా టమేటా చారేనా?"

"ఈ పొద్దు చారు లేదు శెట్టిగారూ. టమేటా సంగతి మీకెట్ల తెలుసు?"

"నీ టమేటా మా మిద్దె మీదుండాది. ఉండేది అదొకటేనా అని అడుగుతాండా."

గది ఓబులమ్మ అవ్వది. సందుకు ఆ పక్క ఆమె ఇల్లు, ఈ పక్క నా గది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. సందు చివరనున్న ఆమె బోరు రెండేళ్ళుగా ఎండిపోయింది. మలుపు దగ్గరి కొళాయి నుంచి బిందె మోసుకుని ఆ అరవైమూడు మెట్లూ రోజుకు మూడు సార్లు ఎక్కేది. నేను మోస్తానంటే, "నువ్వు నీళ్ళు తెచ్చేదానికంటే తొణికిచ్చేది శానా" అని బిందె లాక్కునేది. ఒకనాడు అడిగాను.

"అవ్వా, కొండ మీద పడిన వాన ఎక్కడికి పోతాంది?"

"యాడికి పోతాదప్పా, శెట్టి అంగడి ముందర్నుంచి రోడ్డెక్కుతాది. నా బోరు చూస్తా కూచోనుంటాది."

"సందు పొడుగునా కాలువ కట్టి ఆ నీళ్ళు బోరు పక్క గుంతలోకి మళ్ళిస్తే, బోరు మళ్ళీ ఊరుతుంది. లెక్క నేను చూసుకుంటా."

"ఈడ గట్టి వాన పడేది యేడాదికి రెండు మూడుసార్లే. ఒకటి తప్పిపోయినా మల్లా నా మోకాళ్ళే."

"ఒక్క చుక్క కూడా తప్పిపోదవ్వా," అన్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది, ఓటికుండ మోగినట్టు.

పైవరస వాళ్ళందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఆ వరసలోనే ఉండే మేస్త్రీ మస్తాన్ పని పట్టాడు. కాలువ పొడవు తొంభై మీటర్లు. మీటరుకు అరసెంటీమీటరు వాలు. అంత సన్నని వాలు కంటికి ఆనదు, లెవెల్ యంత్రానికే తెలుస్తుంది. ఆ యంత్రానికి ఒక ఆధారం కావాలి: కదలని రాయి ఒకటి. ఎత్తులన్నీ దాని నుంచే లెక్క. సందు నడిమధ్య, అవ్వ ఇంటి ఎదుట, నేలలో సగం పాతుకున్న రాయిని ఎంచుకుని, దాని మీద ఎర్ర రంగుతో ముక్కోణం గీశాను. రోజూ పొద్దున్నే రాయి ముందు గొంతుక్కూర్చుని రుమాలుతో దుమ్ము తుడిచేవాణ్ణి. మస్తాన్ దాని మీద కొలకర్ర నిలబెట్టేవాడు. నేను పది మీటర్ల దూరంలో యంత్రాన్ని ముక్కాలిపీట మీద నిలిపి, నడుము వంచి, ఒక కన్ను మూసి, అంకెలు గొణుక్కుంటూ పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

కొండవైపు సగం కాలువ, అవ్వ ఇంటి దాకా, అచ్చంగా కాగితం మీది గీతలా వచ్చింది. ఇంతలో ఆఫీసువాళ్ళు నన్ను పది రోజులు ఎర్రగుంట్ల వైపు పనికి పంపారు.

తిరిగి వచ్చేసరికి నా రాయి చుట్టూ ముచ్చటైన చిన్న అరుగు, నున్నటి సిమెంటు పూత, రాయికి పసుపూ కుంకుమా. నా గుర్తుకు ఎంత రక్షణ కల్పించారోనని నా కళ్ళు చెమర్చాయి.

"బాగా కట్టినావు మస్తాన్," అన్నాను.

"మీ దయ సార్," అన్నాడు మస్తాన్.

ఆధారం మీద అనుమానం ఉన్నా లేకున్నా రెండో గుర్తుతో సరిచూసుకోవాలని మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం నా గదిలోనే ఉంది. దాని మీద చారు గిన్నె పెట్టుకునేవాణ్ణి.

మిగతా సగానికి మేకులు కొట్టించి దారం లాగించాను. మస్తాన్ దారాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"సార్, ఈణ్ణుంచి దారం ఎక్కుతాండాది."

"మస్తాన్, వాలు మీద నిలబడినవాడి కంటికి చదును తెలియదు. దిగేది ఎక్కినట్టు కనిపిస్తుంది. కన్ను మోసం చేస్తుంది, యంత్రం చేయదు."

"నీళ్ళకు గూడా అట్లే కనిపిస్తాదేమో సార్."

"నీళ్ళకు కళ్ళు లేవు," అని చర్చ ముగించాను.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం పాలకొండలు నల్లబడ్డాయి. గంటలోపే వాన దిగింది. పైవరసంతా గుమ్మాల్లో నిలబడింది. ఎర్రటి నీళ్ళు కాలువలో పడి, నేను చెప్పిన దారిన, నేను చెప్పిన వేగంతో వచ్చాయి. అవ్వ ఇంటి ఎదుటికి రాగానే ఆగాయి. కొంచెంసేపు ఆలోచించుకున్నట్టు కనిపించాయి. ముందు చూస్తే కాలువ అడుగు జానెడున్నర ఎత్తు ఎక్కి ఉంది. పక్కకు చూస్తే, సందుకు రెండు మెట్లు కిందుగా, తలుపు బార్లా తీసి ఉన్న నా గది. నీరు పల్లమెరుగు, ఇంజనీరు ఎరగడు. ముందు తలుపున వచ్చిన నీళ్ళు పరుపును పలకరించి, పుస్తకాలను తడిమి, వెనక తలుపున దిగిపోయాయి.

కింద నుంచి శెట్టిగారి గొంతు. "ఎవరప్పా పైన, చెనక్కాయల మీదికి వంక తోలేది?"

"నేనే శెట్టిగారూ."

"నువ్వా. ఒక చెప్పొచ్చినాది. రెండోది ఎనక వస్తాందా?"

పైవరస నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఖాళీ గుంత వైపు చూస్తూ, "వాన పోతాందప్పా," అంది మెల్లగా. చీర చెంగు దోపుకుని, ఆ మోకాళ్ళతోనే కాలువలోకి దిగి, గడ్డపార అందుకుంది. మస్తానూ నేనూ వెనకే దూకాం. ముగ్గురం కలిసి ఆ ఎత్తును పగలగొట్టేసరికి ముప్పాతిక వాన శెట్టిగారి మిద్దె మీదుగా రోడ్డెక్కిపోయింది. మిగిలిన పాతిక గుంతలోకి చేరింది.

వాన వెలిశాక యంత్రం తెచ్చి, మొదట్లో ఎత్తు రాసిపెట్టుకున్న అవ్వ గడపను ఆధారంగా తీసుకుని కొలిచాను. రాయి ఉండవలసిన చోటు కంటే సరిగ్గా ముప్పై సెంటీమీటర్లు పైన ఉంది; దాన్ని నమ్ముకున్న రెండో సగం కాలువా అంతే పైకెక్కింది.

"మస్తాన్, ఈ రాయిని ఎవరు ఎత్తినారు?"

"నేనే సార్. పెరికి, కింద మూడు వరసల ఇటికె కట్టి, మల్లా పైన నిలబెట్టినా."

"నాకు చెప్పలేదే?"

"మీరు అడగల్యా. పైగా బాగా కట్టినావంటిరి."

"ఎందుకు ఎత్తినావు?"

మస్తాన్ అవ్వ వైపు చూశాడు. అవ్వ తడిసిన చెంగు పిండుకుంటూ, "నేనే ఎత్తమంటి," అంది. "దినామూ పొద్దున్నే లేస్తావు. రాయి తుడిచి, కుంకం బొట్టు మాదిరి ఎర్రంగు పెడ్తివి. దూరంగా పోయి నడుము వంచి, కన్ను మూసుకోని, ఏందో మంత్రం సదువుతావు. నా బోరుకు నీళ్ళు రావాలని మొక్కుకుంటాండావు, సెప్పుకోల్యాక సిగ్గుపడతాండావని అనుకుంటి. వయసు పిల్లోనివి, అంతసేపు వంగితే నడుము పట్టదా? దేవుణ్ణి కొంచెం ఎత్తు మీద పెడితే నీకు సుకంగా ఉంటాదని ఎత్తిస్తి."

"అది దేవుడు కాదవ్వా, కొలతకు పెట్టుకున్న గుర్తు," అన్నాను.

"అట్లనా," అంది అవ్వ. "మరి నడుము నొప్పి తగ్గిందా లేదా?"

తగ్గిన మాట నిజం.

మస్తాన్ యంత్రం ముట్టుకోకుండా, నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో మట్టం చూసి మూడు రోజుల్లో ఆ సగం తిరగకట్టాడు. తరువాతి వానలు దారి తప్పలేదు. చవితి పండుగ నాటికి బోరు దగ్గి దగ్గి ఎర్ర నీళ్ళు కక్కింది. ఆ సంవత్సరమే నాకు బదిలీ అయింది.

ఇప్పుడు కర్నూలులో అపార్టుమెంటు. నేల పాదరసం పోసి చూసినా కదలనంత చదును. నీళ్ళు కొళాయి తిప్పితే వస్తాయి; మొదటి అంతస్తు వాళ్ళకు నాలుగో అంతస్తులో నేనున్నట్టు తెలియదు. టమేటా జారితే నా వంటింట్లోనే ఉండిపోతుంది. ఏం వండుతున్నావని అడిగేవాడు లేడు. మొన్న కారు కింద పడిన తాళాల కోసం పావుగంట వంగి వెతికాను. నలుగురు నన్ను దాటుకుని పోయారు. నడుము రెండు రోజులు పట్టేసింది.

కనుక పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: రెండో గుర్తుతో సరిచూడకుండా ఈ జన్మలో ఏ రాయినీ నమ్మను. యంత్రం ముందు ఒక కన్ను మూసేటప్పుడు రెండో కన్ను ఇరుగుపొరుగు మీద ఉంచుతాను. ఇకమీదట వంగవలసి వస్తే ఏదో ఒక కొండవాలు మీద, ఎదురింటి అవ్వకు కనిపించే చోటే వంగుతాను. చదును నేల మీద చచ్చినా వంగను.